జనవరి వార్తాలేఖ: సెలవుల్లో పిల్లలు చూసినవి

పర్లాకిమిడి

తల్లిదండ్రులకు నమస్కారం.

పండగ సెలవులకు హోమ్‌వర్క్ ఎందుకివ్వలేదని కొందరు అడిగారు. ఇచ్చామండీ. రోజూ పొద్దున్నే పావుగంట పెరట్లోనో, మహేంద్రతనయ నది ఒడ్డునో నిలబడి, కనబడిన పిట్టనీ పురుగునీ రాసుకోమన్నాం. ఆరు, ఏడు తరగతుల నోట్‌బుక్కులు ఇప్పుడు నా బల్ల మీదున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ గొడవ సాలీడు గురించే. స్కూలు వెనక గోరింట పొదలో ఒకటి గూడు కట్టుకుంది. మంచు కురిసిన పొద్దున చూస్తే గూడు మధ్యలో తెల్లటి వంకర గీతలు ఇంటూ మార్కులా మెరుస్తాయి. వాటి మీద తలకిందులుగా కూర్చుంటుంది. "నాలుగే కాళ్లు మేడం, ఇది సాలీడు కాదు" అని ఏడో తరగతి వాళ్ల వాదన. వంగి చూస్తే ఎనిమిదీ ఉన్నాయి, రెండేసి కాళ్లు అంటించి పెట్టుకుంది, అంతే. ఆ గీతలు పురుగుల్ని రప్పించడానికని కొందరు, పిట్టలు గూడు చింపకుండా హెచ్చరికని కొందరు అంటారు. శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదని చెబితే పిల్లల సంతోషం చూడాలి!

కరివేపాకు మీద పిట్ట రెట్ట కదిలిందని ఒకమ్మాయి రాసింది. అది నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. వాళ్లమ్మగారు ఆ కొమ్మ తుంచకుండా వదిలేశారట. థాంక్స్ అమ్మా.

మనం దసరాకి మాత్రమే వెతుక్కునే పాలపిట్ట చాలామందికి కనబడింది. ఒడిశా రాష్ట్రపక్షి కూడా అదే. ఒడియా ఇళ్ల పిల్లలు భదభదలియా అని రాశారు. రెండు పేర్లూ ఉంచమన్నాను. చలికాలంలో ఉత్తరాన చలి ప్రాంతాల నుంచి వచ్చే వైట్ వ్యాగ్‌టెయిల్ పేరు ఎవరికీ తెలియలేదు. "తోక ఊపుతూ పరిగెత్తే పిట్ట" అని రాశారు. నాకది చాలు.

ఒక చిన్న ఫిర్యాదు. ఒక నోట్‌బుక్కులో ఒకే పొద్దున 31 పిట్టలున్నాయి, అందులో హంస కూడా. చేతిరాత నాన్నగారిది. దయచేసి మీరు నింపకండి. మూడు రోజులు వరుసగా "ఏమీ కనబడలేదు" అని రాసిన అబ్బాయికి నేను గుడ్ పెట్టాను.

2026 ఫిబ్రవరి 13 నుంచి 16 దాకా గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్, అంటే ప్రపంచమంతా కలిసి పిట్టల్ని లెక్కపెట్టే కార్యక్రమం. కనీసం 15 నిమిషాలు చూసి, లెక్కను పిట్టల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. 14 శనివారం ఉదయం 6:30కి పిల్లల్ని గేటు దగ్గర దింపండి. మంకీ క్యాప్ మర్చిపోవద్దు.

ప్రధానోపాధ్యాయురాలు