పిస్టల్ కొనే ముందు మ్యాగజైన్ చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆత్మరక్షణ కోసం తుపాకీ లైసెన్సు తీసుకునేవాళ్ల గురించి ఆదివారం మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. దరఖాస్తు ఎక్కడ పెట్టాలి, పోలీసు విచారణ ఎలా జరుగుతుంది, ఇవన్నీ వివరంగానే రాశారు. కానీ అసలు ఏ తుపాకీ కొనుక్కోవాలి అన్న దగ్గరికి వచ్చేసరికి "మంచి కంపెనీ ఆటోమేటిక్ పిస్టల్ చూసుకోవాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను సైన్యంలో, ఆయుధాలూ వాహనాలూ బాగుచేసే ఈఎంఈ విభాగంలో, 24 ఏళ్లు ఆర్మోరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. యూనిట్ కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, ఉండే ఆయుధాలన్నిటినీ విప్పడం, చూడడం, బాగుచేయడం నా పని. అందుకే ఆ ఒక్క ముక్క చదివి ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ముందు మాట సరిచేయాలి. మామూలు పౌరులకు దొరికేది ఆటోమేటిక్ కాదు, సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క తూటాయే పేలుతుంది. ఆ పేలుడు బలానికే స్లైడ్, అంటే పిస్టల్ పైన జరిగే ఇనప తొడుగు, వెనక్కి వచ్చి ఖాళీ డొల్లను బయటికి నెడుతుంది, స్ప్రింగ్ దాన్ని మళ్లీ ముందుకి తోస్తుంది, పోతూ పోతూ అది మ్యాగజైన్లోంచి, అంటే పిడిలో దూర్చే తూటాల పెట్టెలోంచి, ఇంకో తూటాని తీసుకుని బ్యారెల్లో పెడుతుంది. మగ్గంలో నాడె ఆడినట్టు ఇదంతా కంటికి కనపడనంత వేగంగా జరిగిపోవాలి. నాడె బాగున్నా ఒక్క పోగు ముడిపడితే నేత ఆగిపోతుంది కదా, ఇక్కడా అంతే. మేం సైన్యంలో దాన్ని రుకావట్ అంటాం. నా సర్వీసులో ఎక్కువగా చూసింది ఇషాపూర్‌లో తయారయ్యే 9 ఎం.ఎం. పిస్టల్ 1ఎ. అమెరికా తుపాకుల డిజైనర్ బ్రౌనింగ్ మొదలుపెట్టగా ఆయన పోయాక బెల్జియంలో సైవ్ అనే డిజైనర్ పూర్తిచేసిన పాత డిజైన్ అది, మ్యాగజైన్లో 13 తూటాలు పడతాయి. "సాబ్, ఇది అటకాయిస్తోంది" అని ఎవరైనా తెచ్చిస్తే నేను మొట్టమొదట పిస్టల్ విప్పేవాణ్ని కాదు. మ్యాగజైన్ మార్చి ఫైరింగ్‌కి పంపేవాణ్ని. చాలాసార్లు అక్కడితోనే సరిపోయేది.

ఇక మా వియ్యంకుడు గారి సంగతి చెప్పాలి. ఆయనది భీమవరం వైపు, రొయ్యల వ్యాపారం. చెరువు గట్టు మీదే రైతులకు డబ్బు ఇవ్వాలి కాబట్టి రాత్రిపూట నగదుతో తిరగాల్సి వస్తుంది, లైసెన్సు కూడా ఆ కారణం మీదే వచ్చింది. పాత విదేశీ .32 బోరు (తూటా సైజు) పిస్టల్ ఒకటి లక్షలు పోసి కొన్నారు. మన దేశంలోకి తుపాకుల దిగుమతి 1980ల నుంచి మామూలు జనానికి మూసేశారు, అందుకని అంతకు ముందు వచ్చినవే చేతులు మారుతూ ఉంటాయి, మారిన ప్రతిసారీ ధర పెరుగుతుంది. క్రితం ఏడాది సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు తెచ్చి చూపించారు. "బావగారూ, పాతదైనా గట్టి సరుకండీ, ఇప్పటి వాటిల్లో ఈ ఇనుము ఎక్కడిది" అన్నారు. "ఓసారి ఇలా ఇవ్వండి బావగారూ, చూద్దాం" అన్నాను.

పిల్లల్ని బయటికి పంపించి, తలుపు వేసి, పేపరు పరిచి కూర్చున్నాను. తోలు కవర్లోంచి తీస్తుంటేనే అర్థమైంది. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, ఆ ప్రాంతంలో ఉప్పుగాలి, రెండూ కలిసి స్లైడ్ ఒక పక్కంతా చిన్న చిన్న తుప్పు చుక్కలు. లోపల రాసింది కొబ్బరినూనె. చలికాలం కదా, నూనె పేరుకుని తెల్లగా అతుక్కుపోయింది. మ్యాగజైన్ తీసి వెలుతురుకి పట్టుకుంటే పైన తూటాని పట్టి ఉంచే రెండు అంచుల్లో ఒకటి కొంచెం బయటికి తెరుచుకుని ఉంది. ఎప్పుడో గచ్చు మీద పడి ఉంటుంది. ఆ మ్యాగజైన్‌కి ఇంకో జత లేదు, బయట దొరకదు కూడా.

అసలు భయం వేసింది తూటాలు చూశాక. రోజూ రాత్రి బయల్దేరే ముందు ఆయన ఒక తూటా బ్యారెల్లోకి ఎక్కించుకుంటారట, ఇంటికొచ్చాక తీసేసి మళ్లీ మ్యాగజైన్లో పైన పెడతారట. మూడేళ్లుగా అదే తూటా. దాన్నీ ఇంకో తూటానీ పక్కపక్కనే పేపరు మీద నిలబెట్టి "చూడండి" అన్నాను. ఇది పొట్టిగా ఉంది. ఎక్కించిన ప్రతిసారీ ముక్కు కొట్టుకుని, తూటా ముందున్న గుండు కొంచెం కొంచెంగా డొల్ల లోపలికి దిగిపోయింది. లోపల మందుకి ఉండాల్సిన చోటు తగ్గితే పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది, పాత ఇనుము దాన్ని తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ మూడేళ్లలో ఎన్నిసార్లు పేల్చారని అడిగితే ఒక్కసారి కూడా లేదన్నారు. కొన్న రోజు కూడా పేల్చి చూడలేదట.

ఎడిటర్ గారూ, మీ పాఠకుల్లో లైసెన్సు ఉన్న చాలామంది పరిస్థితి ఇదేనని నా నమ్మకం. 1911లో అమెరికా సైన్యం బ్రౌనింగ్ పిస్టల్‌ని ఎంపిక చేసినప్పుడు 6000 తూటాలు పేల్చి, ఒక్కసారి కూడా ఆగలేదని తేలాకే తీసుకున్నారు. నమ్మకం అంటే అలా వస్తుంది. మన దగ్గర ఏడాదికి ఎన్ని తూటాలు కొనొచ్చో, ఒకేసారి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. అవి కొద్ది సంఖ్యలో ఉంటాయి కాబట్టి జనం వాటిని బంగారంలా దాచుకుంటారు. దాచుకున్న తూటా పనిచేస్తుందో లేదో తెలియదు, అది తమ పిస్టల్లో సాఫీగా ఎక్కుతుందో లేదో అసలే తెలియదు. నా మాట వినేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, ఏడాది కోటాలో సగమైనా రేంజ్‌లో పేల్చేయండి, తూటాలు పాతబడకుండా మార్చుకుంటూ ఉండండి. అలా వందా నూటయాభై తూటాలు మీ చేత్తో, మీ మ్యాగజైన్‌తో ఆగకుండా పేలాక మాత్రమే ఆ పిస్టల్‌ని నమ్మదగినది అనండి, దాని మీద ఏ దేశం ముద్ర ఉన్నా సరే.

.32 పిస్టల్ తూటాలో ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది షాపువాళ్లు చాలామంది చెప్పరు. ఆ డొల్ల అడుగు అంచు ఒంటికన్నా కొద్దిగా బయటికి ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు వైపు ఉండాలి. వెనక్కి పడిందా, రెండూ ఒకదానికొకటి తగులుకుని కదలవు, స్లైడ్ ఎంత లాగినా ప్రయోజనం ఉండదు, మ్యాగజైన్ తీయాల్సిందే. హడావుడిగా నింపితే ఇదే జరుగుతుంది. ఇంకొకటి, .32 రివాల్వర్ తూటా వేరు, .32 పిస్టల్ తూటా వేరు. రివాల్వర్‌ది పొడుగు. రెండిటికీ పేరులో .32 ఉందని ఒకటే అనుకుని పొరపాటున కొనుక్కొచ్చినవాళ్లని నేను చూశాను.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి. 9 ఎం.ఎం. మామూలు లైసెన్సు మీద రాదు, అది నిషిద్ధ బోరు, అంటే మామూలు పౌరులకు ఇవ్వని సైజు, కాబట్టి ఇంటర్నెట్‌లో గ్లాక్ పిస్టల్ గురించి వీడియోలు చూసి ఆశపడి లాభం లేదు. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల .32 అశనీ పిస్టల్ ఉంది, ప్రైవేటు కంపెనీలవి కూడా ఈ మధ్య వస్తున్నాయి. ఏదైనా సరే కొత్తదే తీసుకోండి, అదనపు మ్యాగజైన్లు ఇస్తారా, స్ప్రింగులూ విడిభాగాలూ దొరుకుతాయా అని డీలర్‌ని మొహమాటం లేకుండా అడగండి. షాపులోనే ఖాళీ పిస్టల్ స్లైడ్‌ని మీ చేత్తో వెనక్కి లాగి చూడండి. ఈ .32 పిస్టళ్లలో స్లైడ్‌ని ఆపి ఉంచేది దాని బరువూ స్ప్రింగూ మాత్రమే, అందుకని స్ప్రింగ్ బిగువుగా ఉంటుంది. పెద్దవయసువాళ్లకీ, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకీ కష్టం. మా ఆవిడ రెండు చేతులతో లాగినా సగమే వచ్చింది. సగం లాగి వదిలేసిన స్లైడ్ తూటాని సరిగ్గా ఎక్కించదు. పేల్చేటప్పుడు పట్టు వదులుగా ఉన్నా అంతే, స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ డొల్ల బయటికి పోకుండా నిటారుగా ఇరుక్కుపోతుంది. అప్పుడు దోషం పిస్టల్‌ది కాదు, కానీ ప్రాణం మీదికి వచ్చేది మనకే.

అందుకే నేను చాలామందికి పిస్టల్ వద్దనే చెబుతాను. నెలకోసారి కాకపోయినా కనీసం మూడు నెలలకోసారి రేంజ్‌కి వెళ్లలేనివాళ్లు, రుకావట్ వస్తే కంగారు పడకుండా సరిచేయడం చేతికి అలవాటు కానివాళ్లు ఆరు తూటాల రివాల్వర్ తీసుకోవడం మంచిది. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, చక్రం తిరిగి పక్క గదిలోని తూటా వస్తుంది. మ్యాగజైన్ గొడవ లేదు, తూటా రోజూ ఎక్కించి దించే పని లేదు. కాన్పూర్‌లో రివాల్వర్లు ఎప్పటి నుంచో చేస్తున్నారు, 2014లో ఆడవాళ్ల కోసం తేలికగా నిర్భీక్ అని తెచ్చారు, 2023లో ప్రబల్ వచ్చింది. పిస్టల్ చూడడానికి సన్నగా, గొప్పగా ఉంటుంది, నిజమే. తుపాకీ చూపించుకోవడానికి కాదు కదా. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చి సంతోషపడేవాళ్లు ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత దానికి రెండేళ్ల దాకా జైలు శిక్ష ఉందని తెలుసుకోవాలి. పైకి పోయిన గుండు ఎక్కడో ఒకచోట ఎవరి మీదో దిగుతుంది.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. 2016 ఆయుధ నియమాల్లో భద్రతా శిక్షణ కోర్సు పెట్టారు, మంచి పని. కానీ అది లైసెన్సు కోసం ఒక సర్టిఫికెట్‌గానే మిగిలిపోకూడదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో రేంజ్ ఉంది, మా గోదావరి జిల్లాల రొయ్యల వ్యాపారి ఎక్కడికి వెళ్లి నేర్చుకోవాలి? మాధవరం లాంటి ఊళ్లలో ఇంటికొక సైనికుడున్నాడు, నేర్పడానికి మాలాంటి రిటైరైనవాళ్లం సిద్ధంగా ఉన్నాం. పోలీసు ఫైరింగ్ రేంజ్‌ని నెలలో ఒక ఆదివారం లైసెన్సుదారులకి తెరిచి, రుసుము తీసుకుని, పేల్చిన తూటాలకి లెక్క రాసి, ఆ మేరకు కొత్తవి కొనుక్కోనిస్తే సరిపోతుంది.

మా వియ్యంకుడు గారు ఆ పొట్టి తూటాని, మిగతా ఏడింటినీ డీలర్‌కి అప్పజెప్పారు. పాత పిస్టల్‌కి అనుమతి తీసుకుని వదిలించుకున్నారు, రివాల్వర్ తీసుకున్నారు. దాన్ని తోలు కవర్లో పెట్టి బీరువాలో దాచడం మాత్రం మానిపించాను, పొడి గుడ్డలో చుట్టి తాళం వేసిన ఇనప పెట్టెలో ఉంచుతున్నారు, తూటాలు వేరే పెట్టెలో.

చివరగా, ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా ఆయుధాలు పోలీస్ స్టేషన్‌లో అప్పగించమంటారు కదా. నెలా రెండు నెలలు ఆ గదిలో ఉండి తిరిగి వచ్చిన పిస్టల్‌ని అలాగే నడుముకి తగిలించుకోకండి. ఇచ్చేముందు శుభ్రంగా తుడిచి, పల్చగా తుపాకీ నూనె రాసి ఇవ్వండి. తెచ్చుకున్నాక తూటాలు తీసి ఉందని రెండుసార్లు చూసుకుని, బ్యారెల్లోంచి వెలుతురు కనపడుతోందా అని చూసి, స్ప్రింగూ మ్యాగజైన్ అంచులూ లైసెన్సున్న మెకానిక్‌కి ఒకసారి చూపించండి. అప్పగించినప్పుడు ఇచ్చే రసీదులో తుపాకీ నంబరుతో పాటు మ్యాగజైన్లు ఎన్నో కూడా రాయించుకోండి.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
పశ్చిమ గోదావరి జిల్లా