మా ప్రశ్న లోక్‌సభలో ఎవరు అడుగుతారు?

సంపాదకులకు నమస్కారం.

నియోజకవర్గాల పునర్విభజన మీద మీ పత్రికలో వస్తున్న వ్యాసాలూ ఉత్తరాలూ వదలకుండా చదువుతున్నాను. ఆంధ్రాకి 25 సీట్లు నిలుస్తాయా, తెలంగాణకి 17 చాలుతాయా, ఉత్తరాదికి ఎన్ని పెరుగుతాయి అన్న లెక్కలే అందరూ రాస్తున్నారు. నేను పర్లాకిమిడి మనిషిని. ఇంట్లో తెలుగు మాట్లాడతాను, ఓటు ఒడిశాలో వేస్తాను. ఒడిశాకున్న 21 సీట్లలో మాది బరంపురం. పాతపట్నం మాకు పక్క ఊరే గాని అది శ్రీకాకుళం సీటు కిందికి పోతుంది. మీరు వేసిన లెక్కల్లో మాలాంటివాళ్లం ఎక్కడున్నామో వెతికాను, కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం. సభలో తమ తరఫున అడిగేవాళ్లుంటే ఎలా ఉంటుందో నేనొకసారి పరాయి దేశంలో చూశాను, ముందు అది చెబుతాను.

నేను 28 ఏళ్లు అంగన్‌వాడీలో పనిచేశాను. 2015 ఏప్రిల్‌లో మా అమ్మాయి పురిటికని స్కాట్లాండ్ వెళ్లాను. అమ్మాయి అక్కడ నర్సు. గ్లాస్గో పక్కన పేస్లీ అని ఊరు, పూర్వం శాలువాలు నేసిన ఊరు. మన చీరల మీద మామిడిపిందె నమూనా ఉంటుందే, దానికి ఇంగ్లీషులో ఆ ఊరి పేరే పెట్టారు. అది తెలిశాక ఆ ఊరు నాకు పరాయిది అనిపించలేదు.

మే 7న బ్రిటన్ పార్లమెంటు ఎన్నికలు. అమ్మాయివీ అల్లుడివీ ఇండియా పాస్‌పోర్టులే. అయినా వాళ్లకి ఓటుంది. కామన్వెల్త్ దేశాలవాళ్లు చట్టప్రకారం అక్కడ నివాసముంటే పార్లమెంటుకి ఓటు వేయవచ్చు. నిండు నెలలతో ఉన్న పిల్లని చెయ్యి పట్టుకుని పోలింగు బూత్ దాకా తీసుకెళ్లాను. వేలికి సిరా పెట్టలేదు. మిషను లేదు. కాగితం ఇస్తే పెన్సిలుతో గుర్తు పెట్టి పెట్టెలో వేసి వచ్చింది. రాత్రి పది దాకా పోలింగు, వెంటనే లెక్కింపు. అల్లుడు ఆ రాత్రి నిద్రపోలేదు.

తెల్లారేసరికి స్కాట్లాండ్‌కున్న 59 సీట్లలో 56 స్కాటిష్ నేషనల్ పార్టీకి పోయాయి. 2010లో ఆ పార్టీకి వచ్చినవి 6. అప్పుడు 41 గెలిచిన లేబర్ పార్టీకి ఈసారి ఒక్కటి మిగిలింది, లిబరల్ డెమోక్రాట్లకి ఒకటి, కన్సర్వేటివ్‌లకి ఒకటి. మా అమ్మాయి ఓటు వేసిన సీటులో గెలిచింది మైరీ బ్లాక్ అనే 20 ఏళ్ల పిల్ల. డిగ్రీ ఆఖరి పరీక్ష ఇంకా రాయాల్సి ఉంది. ఓడిపోయినాయన డగ్లస్ అలెగ్జాండర్, మంత్రిగా చేసిన పెద్ద నాయకుడు. తేడా 5,684 ఓట్లు. మన దగ్గరయితే 25 నిండనిదే లోక్‌సభకి నామినేషనే వేయనివ్వరు.

నాకొక సందేహం వచ్చింది. అంతకుముందు సెప్టెంబరులోనే, బ్రిటన్ నుంచి విడిపోదామా అని అడిగితే అక్కడి జనం 55 శాతం వద్దన్నారు. మరి విడిపోదామన్న పార్టీనే ఇంతమందిని ఎందుకు పంపారు బాబూ అని అల్లుణ్ణి అడిగాను. “కలిసి ఉంటామన్నారు గాని నోరు మూసుకుని ఉంటామనలేదు కదా అత్తయ్యా” అన్నాడు.

జూలైలో ఆ మైరీ బ్లాక్ మొదటిసారి పార్లమెంటులో మాట్లాడింది. అప్పటికి మనవడికి రెండో నెల. వాణ్ణి ఒళ్లో వేసుకుని, అమ్మాయి తెలుగులో చెబుతుంటే విన్నాను. బస్సు చార్జీ కోసం తిండి మానుకుని డబ్బు దాచుకున్న ఒక మనిషి, ఉద్యోగాల ఆఫీసుకి వెళ్తూ దారిలో సొమ్మసిల్లి ఆలస్యమైతే, వారాల తరబడి భత్యం ఆపేశారని చెప్పింది. తన నియోజకవర్గంలో తను చూసిన మనిషి సంగతే అది. రేషను కార్డులో పేరు తప్పుపడి నా అంగన్‌వాడీకి వచ్చి కూర్చున్న తల్లులు నాకు గుర్తొచ్చారు. వాళ్లలో ఒక్కరి సంగతయినా ఢిల్లీలో ఎవరైనా చెప్పారా?

తిరిగొచ్చాక కూడా ఆదివారం ఫోనులో ఆ 56 మంది ఏం చేస్తున్నారని అడుగుతూనే ఉన్నాను. 650 మంది సభలో 56 మంది ప్రభుత్వాన్ని నడపలేరు. స్కాట్లాండ్‌కి మరిన్ని అధికారాలిచ్చే బిల్లు మీద వాళ్లు పెట్టిన సవరణలు వీగిపోతూ వచ్చాయి. అక్టోబరులో, ఇంగ్లండ్‌కి మాత్రమే సంబంధించిన చట్టాలకి ఇంగ్లండ్ సభ్యుల ఒప్పుదల కూడా ఉండాలని నియమం తెచ్చి వాళ్ల మాట బరువు కొంత తగ్గించారు. ప్రభుత్వం నడుపుతున్న కన్సర్వేటివ్‌ల ఒకే ఒక్క స్కాట్లాండ్ సభ్యుడు డేవిడ్ ముండెల్ ఆ ప్రాంతానికి మంత్రయ్యాడు. ఇది చాలా అన్యాయంగా తోచింది నాకు. కానీ 2016 మార్చిలో ఇంగ్లండ్, వేల్స్‌లో ఆదివారం దుకాణాల వేళలు పెంచాలని ప్రభుత్వం చూస్తే, దాని ప్రభావం స్కాట్లాండ్ దుకాణాల్లో పనిచేసేవాళ్ల ఆదివారం అదనపు కూలి మీద పడుతుందని స్కాటిష్ పార్టీవాళ్లు ఎదురు నిలిచారు. పాలక పార్టీ మెజారిటీ 12 మాత్రమే. సొంతవాళ్లు కొందరు కూడా తిరగబడటంతో 286కి 317 ఓట్లతో ప్రభుత్వం ఓడింది. 2017 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికెళ్లే బిల్లుకి స్కాట్లాండ్ సభ్యులు 59 మందిలో ఒక్కరు తప్ప ఎవరూ అనుకూలంగా ఓటు వేయలేదు. బిల్లు ఆగలేదు, 114కి 498తో ముందుకెళ్లింది. జూన్‌లో మళ్లీ ఎన్నికలొస్తే 56 కాస్తా 35 అయ్యాయి.

గెలుపోటముల మాట అటుంచండి. ఆ రెండేళ్లలో స్కాట్లాండ్ తరఫున అడగాల్సిన ప్రశ్న అడగకుండా పోలేదు. మూడో పెద్ద పార్టీ అయినందుకు వాళ్ల నాయకుడికి ప్రతి బుధవారం ప్రధానిని రెండు ప్రశ్నలు అడిగే హక్కు ఉండేది. వారానికి రెండు! మాకు అయిదేళ్లకి ఒక్కటి చాలు.

మాకు మనవాళ్లనబడే సభ్యులు లేకపోలేదు. 1996లో పి.వి. నరసింహారావు గారు బరంపురం నుంచి గెలిచారు. అప్పుడు మేం బరంపురంలోనే ఉండేవాళ్లం, నేనూ లైనులో నిలబడ్డాను. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి వెళ్లారు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు గిడుగు రామమూర్తి గారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. వెళ్లలేక ఉండిపోయినవాళ్ల మనవలం మేము. ఒడియా మీద నాకు కోపం లేదు, మా కోడలు ఒడియా పిల్లే. కానీ నా అంగన్‌వాడీకి వచ్చిన మూడేళ్ల పిల్లలకి నీళ్లంటే తెలుసు, పాణి అంటే తెలీదు. నేను అయిదో తరగతి దాకా తెలుగులో చదివిన బడి ఇంకా ఉంది. తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. బడి పేరు రాయను, అక్కడ పనిచేస్తున్నవాళ్ల తప్పేం లేదు.

రాజ్యాంగంలో 350-ఎ అని ఒక అధికరణం ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలంటుంది. 350-బి ప్రకారం ఈ సంగతులు చూడటానికి రాష్ట్రపతి ఒక ప్రత్యేక అధికారిని నియమిస్తారు. ఆయన నివేదిక పార్లమెంటు రెండు సభల ముందుకి రావాలి. దాన్ని పట్టుకుని అడిగేవాళ్లే మాకు కావాలి. శ్రీకాకుళం ఎంపీకి మేం ఓటర్లం కాము. మా ఎంపీకి మేం ఓటర్లమే గాని, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగువాళ్లం బరంపురం, కోరాపుట్ సీట్ల మధ్య చీలి ఉన్నాం. సీట్లు పెరిగినా తగ్గినా ఈ గీతలు మళ్లీ గీసేటప్పుడు మమ్మల్ని ఇంకెన్ని ముక్కలు చేస్తారో అని నా బెంగ. దాని గురించి కూడా మీ వ్యాసకర్తలు రాయాలని కోరుతున్నాను.

గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో తెలుగు చెప్పే ప్రాథమిక పాఠశాలలు ఎన్ని, వాటిలో మంజూరైన తెలుగు టీచరు పోస్టులెన్ని, ఖాళీలెన్ని? ఈ ఒక్క ప్రశ్ననీ నా కొడుకు చేత ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ రాయించి, బరంపురం, కోరాపుట్ ఎంపీలిద్దరికీ పోయిన సోమవారం స్పీడ్ పోస్టులో పంపాను. రసీదులు నా దగ్గరున్నాయి. జవాబు వస్తే అది కూడా మీకు పంపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా