టోపీకి రెండు మార్కులేనా, మంత్రి గారూ?

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను డిగ్రీ పిల్లలకి ఇంగ్లిష్ చెప్పే లెక్చరర్ని. మొన్న స్పాట్ వాల్యుయేషన్‌లో 'కథలో టోపీ దేనికి సంకేతం?' అని రెండు మార్కుల ప్రశ్న. నా ముందున్న బండిల్లో ఇరవైకి పైగా పేపర్లలో ఒకటే వాక్యం, అక్షరం పొల్లుపోకుండా: 'టోపీ సమానత్వానికి సంకేతం.' మాకిచ్చిన జవాబుల కీలోనూ అదే ఉంది. రెండుకి రెండు వేసి సంతకం పెట్టాను. ఆ సంతకం గురించే ఈ ఉత్తరం.

ఆ టోపీ 1961లో అచ్చయిన అమెరికన్ రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ కథ 'ఎవ్రీథింగ్ దట్ రైజెస్ మస్ట్ కన్వర్జ్'లోది. అమెరికా దక్షిణాదిలో సిటీ బస్సుల్లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి కూర్చోవడం అప్పుడప్పుడే మొదలైంది. తాతల నాడు రెండొందల మంది బానిసలుండేవారని గొప్పగా చెప్పుకునే ఒక తెల్లావిడ, ఏడున్నర డాలర్లు పోసి కొత్త టోపీ కొంటుంది. ఊదారంగు మఖమల్ రెక్క ఒక పక్కన కిందికి వాలి, ఇంకో పక్కన నిక్కబొడుచుకుని ఉంటుంది. మిగతాదంతా ఆకుపచ్చ, దూది ఊడిన దిండులా. బస్సెక్కిన నల్లజాతి ఆవిడ తల మీదా సరిగ్గా అదే టోపీ!

ఇక్కడిదాకా కీ చెప్పింది నిజమే. డబ్బులుంటే ఎవరైనా కొనుక్కోవచ్చు. కానీ తెల్లావిడ ముందు బిత్తరపోయి, తర్వాత ముసిముసిగా నవ్వుకుంటుంది, తన టోపీని ఏ కోతో ఎత్తుకెళ్లినట్టు. ఆ నవ్వుకి కీలో మార్కుల్లేవు.

బస్సు దిగాక తెల్లావిడ, ఆ నల్లజాతి ఆవిడ వెంట ఉన్న చిన్న కొడుక్కి ఇద్దామని పర్సులో ఐదు సెంట్ల బిళ్ల కోసం వెతుకుతుంది. దొరికింది ఒక్క సెంటు, కొత్తది, తళతళలాడుతోంది. ముద్దుగానే ఇవ్వబోతుంది. పిల్లాడి తల్లి హ్యాండ్‌బ్యాగ్‌తో ఒక్కటిచ్చి కింద పడేస్తుంది.

"ప్రేమగా ఇస్తే కొట్టడమేంటి సార్?" అన్నాడు క్లాసులో ఒకబ్బాయి. వెనక బెంచీ అమ్మాయి మెల్లగా అంది: "మా నాయనమ్మకి పండక్కి పాత చీర ఇచ్చేవాళ్లంట సార్. చెయ్యి తగలకుండా అరుగు మీంచి కింద పడేసేవాళ్లంట." ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. గంట కొట్టాక వచ్చి, ఇది పరీక్షలో రాయొచ్చా అని అడిగింది. 'వద్దమ్మా, కీలో ఉండదు' అన్నాను.

ఇంకో అమెరికన్ రచయిత్రి కేట్ షోపాన్ 1893 నాటి కథ 'డిజైరీస్ బేబీ'లో నెమలీకల విసనకర్ర ఉంది. మిశ్రమ రక్తపు బానిస పిల్లాడొకడు దొరగారి పసివాడికి విసురుతుంటాడు. తల్లి వాణ్నీ బిడ్డనీ మార్చి మార్చి చూస్తుంది. ఇద్దరిలో ఒకే పోలిక కనబడుతుంది. అంతే, ఒళ్లు చల్లబడుతుంది. మా పిల్లల చేతుల్లో తిరిగే గైడులో ఈ విసనకర్రకి అర్థం 'సంపద' అట!

టోనీ మారిసన్ 1983 కథ 'రెసిటటిఫ్' సంగతి ఇంకా తమాషా. ట్వైలా, రోబెర్టా అనే ఇద్దరమ్మాయిల్లో ఒకరు తెల్ల, ఒకరు నల్ల. ఎవరు ఏదో రచయిత్రి చివరిదాకా చెప్పదు. తిండి, బట్టలు, తల్లుల తీరు చూసి మనమే రంగు వేసేసుకుంటాం. ఏ ఆనవాలు చూసి వేశామో మనకి మనం పట్టుబడాలనే ఆవిడ ఎత్తు. మా క్లాసులో సగం మంది ఇటు, సగం మంది అటు. గైడు మాత్రం తేల్చేసింది, రోబెర్టా తెల్లమ్మాయని. నవ్వాలో ఏడవాలో!

పెద్ద ఖర్చేం కాదు, మంత్రి గారూ. టోపీ దేనికి సంకేతం అని అడగడం మానేసి, కథలో పేరా ఒకటి ప్రశ్నపత్రంలోనే అచ్చేసి, ఇక్కడ టోపీ ఏం చేస్తోందో రాయమనండి. కథలో ఆధారం చూపిస్తే ఏ జవాబైనా ఒప్పుకోవచ్చని కీలో ఒక్క లైను చేర్పించండి. టెక్స్ట్‌బుక్‌లో సారాంశం బదులు కథ మొత్తం వేయించండి.

సెమిస్టర్ పరీక్షలకి ఇంకా రెండు నెలలుంది. ఆ అమ్మాయికి 'రాయమ్మా' అని చెప్పాలని ఉంది.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ ఇంగ్లిష్ లెక్చరర్