గర్భసంచి ఆపరేషన్ అయిందా అని కేసు షీటులో ఎందుకు అడగరు?

సంపాదకులకు,

అయ్యా,

కోవిడ్ రోజుల్లో మన ఊళ్లలో ఒక మాట తరచుగా వినిపించేది. ఈ జబ్బు మగవాళ్లనే ఎక్కువగా పొట్టన పెట్టుకుంటోందని, ఆడవాళ్లకు ఒంట్లో ఉన్న హార్మోన్లే రక్ష అని అనుకునేవారు. ఇందులో మొదటి ముక్క లెక్కలకు నిలిచింది. రెండో ముక్కలో నిజం ఉన్నా, ఆ రక్ష ఏ స్త్రీకి ఉంటుంది, ఎన్నేళ్ల వరకు ఉంటుంది అన్న ప్రశ్నను మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎవరూ వేసినట్టు కనిపించదు. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన మనకే ఆ ప్రశ్న మిగతా రాష్ట్రాల కంటే ఎక్కువ అవసరమన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను వైద్యురాలిని కాను. డిగ్రీ కళాశాలలో చాలా ఏళ్లు జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని.

ముందు లెక్కల సంగతి. 2020 డిసెంబరులో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వెలువడిన ఒక విశ్లేషణ అనేక దేశాలకు చెందిన 31 లక్షలకు పైగా కేసులను ఒకచోట చేర్చి పరిశీలించింది. వైరస్ సోకడంలో స్త్రీ పురుషుల మధ్య తేడా లేదని, సోకిన తరువాత ఐసీయూలో చేరవలసిరావడం మాత్రం పురుషుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని అందులో తేలింది. మరణాల్లోనూ పురుషులదే పైచేయి అయింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల్లో సుమారు 85 వేల మంది రోగుల వివరాలను, వారితో మెలిగిన 5 లక్షల 75 వేల మంది వివరాలను పరిశీలించి సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో కూడా మరణించే ముప్పు మగవారికే ఎక్కువగా కనిపించింది. పొగాకు అలవాటు దీనికి కొంత కారణమై ఉండవచ్చు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పురుషుల్లో 38 శాతం మంది పొగాకు వాడుతుంటే స్త్రీలలో వాడేవారు 9 శాతమే. అయితే అలవాట్లు, ఉద్యోగాలు, ఆసుపత్రికి వెళ్లే తీరు ఒకదానితో ఒకటి పోలిక లేని దేశాల్లో కూడా ఇదే తేడా కనిపించినప్పుడు శరీరం లోపలికి చూడక తప్పదు.

అక్కడ మొదట తెలుసుకోవలసింది, హార్మోన్లు ఒక్కటే కారణం కాదని. వైరస్‌ను తొలి ఘడియల్లో పసిగట్టే టీఎల్ఆర్7 అనే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. స్త్రీకి ఆ క్రోమోజోములు రెండు, పురుషుడికి ఒకటే. 2020లో నెదర్లాండ్స్‌లో రెండు కుటుంబాలకు చెందిన ఇద్దరేసి అన్నదమ్ములు, అంతకుముందు ఏ జబ్బూ లేని యువకులు, కోవిడ్‌తో వెంటిలేటర్ మీదికి వెళ్తే, పరీక్షించి చూసినప్పుడు నలుగురిలోనూ ఆ జన్యువు లోపించి పనిచేయడం లేదని తెలిసింది. ఈ పునాది మీద హార్మోన్లు తమ పని చేస్తాయి. రోగనిరోధక కణాల్లో చాలా వాటికి, ముఖ్యంగా అండాశయాల్లో తయారయ్యే స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. ఆ హార్మోను తగినంతగా ఉన్నప్పుడు వైరస్ మీద తొలి దాడి చురుకుగా సాగుతుంది, ఆ తరువాత ఊపిరితిత్తులను ముంచెత్తే వాపు అదుపులో ఉంటుంది. పురుష హార్మోను టెస్టోస్టిరాన్ మొత్తం మీద రోగనిరోధక స్పందనను తగ్గించే వైపే మొగ్గుతుంది. కరోనా వైరస్ కణంలోకి చొరబడటానికి తోడ్పడే టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ఎంజైము ప్రోస్టేట్ గ్రంథిలో పురుష హార్మోన్ల ఆజ్ఞ మీద తయారవుతుందని క్యాన్సర్ పరిశోధకులకు ముందే తెలుసు. ఊపిరితిత్తుల్లో కూడా అలాగే జరుగుతుందా అన్న దాని మీద మాత్రం అధ్యయనాలు ఏకాభిప్రాయానికి రాలేదు.

ఈ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసినది కోవిడ్‌కు ముందే, 2017లో, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ఎలుకల ప్రయోగం. కరోనా కుటుంబానికే చెందిన 2002–03 నాటి సార్స్ వైరస్‌ను ఎలుకలకు ఎక్కిస్తే మగవి ఎక్కువగా చనిపోయాయి, ఆడవి ఎక్కువగా బతికాయి. మగ ఎలుకల వృషణాలు తీసివేసి చూశారు, ఫలితం మారలేదు. ఆడ ఎలుకల అండాశయాలు తీసివేసి చూశారు, అవి కూడా ఎక్కువగా చావడం మొదలైంది. అండాశయాలు ఉంచి, ఈస్ట్రోజెన్ పనిచేయకుండా మందుతో అడ్డుకున్నా అదే జరిగింది. కనీసం ఆ ఎలుకల్లో రక్ష ఆడజన్మకు అంటిపెట్టుకుని లేదు, పనిచేస్తున్న అండాశయంలో ఉంది.

కరోనాలో కనిపించినది ఫ్లూకు కూడా అలాగే వర్తిస్తుందనుకుంటే పొరపాటే. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు కెనడాలో విషమ స్థితిలో ఐసీయూల్లో ఉన్న 168 మందిని పరిశీలిస్తే మూడింట రెండు వంతుల మంది స్త్రీలే. వైరస్‌ను తరిమే చురుకైన స్పందనే కొన్నిసార్లు హద్దు మీరి ఊపిరితిత్తులకు హాని చేస్తుందని శాస్త్రజ్ఞులు దీనికి ఒక వివరణ ఇస్తారు. గర్భిణుల సంగతి మరీ సున్నితం. వారి రక్తంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రెండూ శిఖరానికి చేరతాయి, అయినా ఫ్లూ వారిని తీవ్రంగా దెబ్బతీస్తుంది. కోవిడ్ రెండో విడతలో మన దేశంలోనే ఎంతమంది నిండు గర్భిణులు ఆక్సిజన్ మీద ఉన్నారో మనం చూశాం. పెరిగిన గర్భం ఊపిరితిత్తులకు చోటు తగ్గిస్తుంది, గుండె మీద భారం పెంచుతుంది, కాబట్టి నేరమంతా హార్మోన్లదే అనలేం. కానీ ఈస్ట్రోజెన్ ఎంత ఎక్కువ ఉంటే అంత మేలు అనే తేలిక లెక్క ఇక్కడ చెల్లదని మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

ఇప్పుడు మన రాష్ట్రాల విషయానికి వస్తాను. 2015–16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు స్త్రీలలో గర్భసంచి తొలగించినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. తెల్లబట్ట అవుతోందని, నడుము నొప్పి అని, గర్భసంచిలో పుండు ఉంది, క్యాన్సర్ అవుతుందని భయపెట్టి, ముప్పై ఐదేళ్లు నిండని కూలి తల్లులకు కూడా ఆపరేషన్లు చేసిన వైనం మన జిల్లాల్లో అందరికీ తెలిసిందే. కొందరికి గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. అలా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఆ వారమే పడిపోతుంది. అండాశయాలు ఉంచినవారిలో సైతం అవి మామూలు వయసు కంటే కొన్నేళ్లు ముందే చేతులెత్తేసే ముప్పు ఉంది. ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బులు పెరగడం గురించి వైద్యులు అప్పుడప్పుడు మాట్లాడుతున్నారు. శ్వాసకోశ వైరస్‌లను ఎదుర్కొనే శక్తి గురించి మాట్లాడగా నేను వినలేదు.

2021 మే నెలలో మా చెల్లెలు కోవిడ్‌తో జిల్లా కేంద్రంలోని ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉంది. అప్పటికి దాని వయసు నలభై నాలుగు. ముప్పై మూడో ఏట గర్భసంచి, అండాశయాలు రెండూ తీసేశారు. కేసు షీటులో షుగరు, బీపీ, థైరాయిడు, ఉబ్బసం అన్నీ అడిగారు, ఆ ఆపరేషన్ గురించి ఎవరూ అడగలేదు. నేనే చెప్పబోతే, దానికీ దీనికీ సంబంధం లేదమ్మా అన్నారు. ఆ ఒత్తిడిలో వారిని తప్పుపట్టను. మా చెల్లెలికి జబ్బు ముదరడానికి ఆ ఆపరేషనే కారణమని కూడా నేను అనను, ఒక్క మనిషిని చూసి అలా చెప్పడానికి వీల్లేదు. అయితే వేలమందిని అడిగి రాసిపెట్టి ఉంటే సంబంధం ఉందో లేదో ఈపాటికి తేలిపోయేది. అడగలేదు కాబట్టి ఆ సమాచారం ఇక ఎప్పటికీ దొరకదు.

ఇది చదివి ఎవరూ హార్మోను మాత్రల కోసం మందుల దుకాణానికి పరుగెత్తవద్దని కూడా చెప్పాలి. స్వీడన్‌లో 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 14,685 మంది మహిళల వివరాలను పరిశీలించినప్పుడు ఈస్ట్రోజెన్ వాడుతున్నవారిలో కోవిడ్ మరణాలు తక్కువగా కనిపించిన మాట నిజమే. కానీ అలాంటి మందులు కొనుక్కుని వాడగలిగినవారికి వేరే వసతులు కూడా ఉంటాయి కనుక అది రుజువు కాదు. మగవారి వైపు జరిగిన ప్రయోగం ఇంకా గుణపాఠంగా నిలిచింది. అమెరికాలో ఆసుపత్రుల్లో చేరిన 96 మంది మాజీ సైనికుల మీద, టెస్టోస్టిరాన్‌ను అణిచే డెగరెలిక్స్ మందును నియమబద్ధంగా పరీక్షిస్తే ఎలాంటి ప్రయోజనమూ కనిపించలేదు. పైగా తీవ్రంగా జబ్బుపడిన పురుషుల్లో టెస్టోస్టిరాన్ ఉండవలసిన దానికంటే తక్కువగా ఉన్నట్టు మరికొన్ని పరిశీలనల్లో తేలింది. అది జబ్బుకు కారణమా, జబ్బు ఫలితమా అన్నది విడదీయడం కష్టం. ఈస్ట్రోజెన్‌తో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నందున వైద్యుడి సలహా లేకుండా ముట్టుకోకూడదు.

నా విన్నపం మందు గురించి కాదు, లెక్క గురించి. 2021లో వెలువడిన ఒక సమీక్ష ప్రపంచవ్యాప్తంగా నమోదైన 4,420 కోవిడ్ అధ్యయనాలను పరిశీలిస్తే, స్త్రీ పురుష భేదాన్ని విశ్లేషణలో చేరుస్తామని స్పష్టంగా చెప్పినవి 178 మాత్రమే. పెద్ద దేశాలే అలా ఉంటే మనమెంత అని సరిపెట్టుకోనక్కరలేదు. తిరుపతి స్విమ్స్‌లోనూ సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలోనూ వైరస్ పరీక్షల ప్రయోగశాలలు ఉన్నాయి. తీవ్ర శ్వాసకోశ వ్యాధితో చేరే ప్రతి స్త్రీ కేసు షీటులోనూ నాలుగు ప్రశ్నలు చేర్చమని రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలను కోరుతున్నాను. గర్భిణా, నెలసరి వస్తోందా ఆగిపోయిందా, గర్భసంచి తీసేశారా తీసేస్తే ఏ వయసులో, అండాశయాలు ఉన్నాయా. నాలుగో దానికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఏం తీశారో చెప్పకుండానే పంపేశారు కనుక, డిశ్చార్జి కాగితం కూడా చాలా ఇళ్లలో దొరకదు. అందువల్ల అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించిన నేపథ్యంలో, ఆపరేషన్ల నమోదులో అండాశయాల సంగతి కూడా విడిగా రాయించి, ఆ కాగితం రోగి చేతికి ఇప్పించాలి. ఏటా వానకాలంలోనూ చలికాలంలోనూ ఫ్లూ మరణాల సంఖ్య ప్రకటించేటప్పుడు వయసు వారీగా, స్త్రీ పురుషుల వారీగా విడదీసి చెప్పడానికి అదనపు ఖర్చేమీ ఉండదు.

మీ ఆరోగ్య పేజీలో ఈ విషయం మీద ఒక స్త్రీ వ్యాధుల నిపుణురాలి చేత, ఒక ఊపిరితిత్తుల వైద్యుడి చేత కలిపి రాయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. చిన్న వయసులోనే ఆపరేషన్ అయిన స్త్రీలు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం గురించి, జ్వరం ఆయాసంగా మారినప్పుడు ఎంత తొందరగా ఆసుపత్రికి వెళ్లాలన్న దాని గురించి వారు ఏమంటారో తెలుసుకోవాలని మా చెల్లెలితో పాటు మా వీధిలోనే మరో ఆరుగురు ఎదురుచూస్తున్నారు.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
ప్రకాశం జిల్లా