పోయిన ఆదివారం పులావు గురించి

పోయిన ఆదివారం మధ్యాహ్నం హనుమకొండలోని మా హోటల్లో జాఫ్రానీ పులావు తిన్నవాళ్ళందరికీ నేను క్షమాపణ చెప్పుకోవాలి. ఆ రోజు పులావు తియ్యగా ఉంది. ఉప్పు పడాల్సిన చోట పంచదార పొడి పడింది. 23 ప్లేట్లు వెళ్ళిపోయాక గానీ నాకు తెలియలేదు.

నిజానికి రెండో ప్లేటుకే తెలియాల్సింది. ఎప్పుడూ కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చునే అమ్మాయి ప్లేటు వెనక్కి పంపి, "అంకుల్, ఇది తియ్యగా ఉంది" అన్నారు. నేను రుచి చూడలేదు. "కుంకుమపువ్వు వేసిన పులావు అలాగే ఉంటుందమ్మా" అని పదిమంది ముందు అనేశాను. ఆమె మారు మాట్లాడకుండా బిల్లు కట్టి వెళ్ళిపోయారు. మూడున్నరకు మేమంతా భోజనానికి కూర్చున్నాక, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆ మాట గుర్తొచ్చింది. ముద్ద దిగలేదు.

జరిగింది చెబితే మా ఆవిడ ఆ రాత్రి 'చీనీ కమ్' పెట్టింది. 2007లో ఇద్దరం థియేటర్లో చూసిన హిందీ సినిమా, పేరుకు అర్థం 'పంచదార తక్కువ'. బాల్కీకి దర్శకుడిగా అదే మొదటిది. లండన్‌లో ఇండియన్ రెస్టారెంట్ నడిపే 64 ఏళ్ళ షెఫ్‌గా అమితాబ్ బచ్చన్, 34 ఏళ్ళ నీనాగా మన హైదరాబాద్‌లో పుట్టిన టబు. నీనా హైదరాబాదీ జాఫ్రానీ పులావు తియ్యగా ఉందని వెనక్కి పంపుతుంది. ఆయన బయటికొచ్చి ఆమెకే పాఠం చెబుతాడు. ఆమె తన చేత్తో పులావు వండి పంపిస్తుంది. పంచదార పడింది తన వంటింట్లోనే అని ఆయనకు తర్వాత తెలుస్తుంది. వాళ్ళ ప్రేమ అక్కణ్ణుంచే మొదలవుతుంది. అప్పట్లో నాకు ఇళయరాజా తన పాత సినిమా 'మౌనరాగం' బాణీ మళ్ళీ వినిపించడమే గొప్పగా తోచింది. ఈసారి మాత్రం, వంటలో తనను మించినవాడు లేడనుకునే మనిషి ఆమె పులావు ముందు మెత్తబడటం చూస్తూ ఉండిపోయాను.

తప్పు ఎలా జరిగిందో కూడా చెప్పాలి. పులావుకు ఎసరే ప్రాణం. మసాలా వేగి నీళ్ళు మరిగాక, బియ్యం వేసేముందు ఎసరు చుక్క చేతిలో వేసుకుని చూడాలి. నాలుకకు కాస్త ఎక్కువ ఉప్పగా తగలాలి, ఎందుకంటే బియ్యం ఆ ఉప్పును పీల్చుకుంటుంది. ఆ రోజు ఎవరూ చూడలేదు. స్వీట్ల కోసం పట్టించిన పంచదార పొడి, మెత్తటి ఉప్పు ఒకేలాంటి స్టీలు డబ్బాల్లో పక్కపక్కనే ఉన్నాయి. "ఆ వంట మాస్టర్‌ని మాన్పించేశారా" అని ఇద్దరు ఫోన్ చేసి అడిగారు. లేదండీ. హెల్పర్ మానేసి రెండు నెలలైనా ఖర్చు కలిసొస్తుందని నేను ఇంకొకరిని పెట్టుకోలేదు. ఇద్దరి పని ఆయన ఒక్కడే చేస్తున్నాడు. తప్పు నాది.

సోమవారం నుంచి వంటింట్లో రాళ్ళ ఉప్పే వాడుతున్నాం, అదీ జాడీలో. పంచదార పొడి స్వీట్ల గదిలోకి వెళ్ళిపోయింది. కొత్త హెల్పర్ వచ్చాడు. ఆదివారం పులావు ఇకనుంచి 12కు బదులు 12:30కి మొదలవుతుంది. ఎసరు రుచి మాస్టర్, నేను ఇద్దరం చూశాకే బియ్యం పడుతుంది. ఎవరు ప్లేటు వెనక్కి పంపినా ముందు నేను తిని చూస్తాను, ఆ తర్వాతే మాట్లాడతాను.

ఆ రోజు తిన్నవాళ్ళు బిల్లు లేకపోయినా పర్వాలేదు, వచ్చి చెబితే చాలు. ప్లేటుకు తీసుకున్న 180 రూపాయలూ తిరిగి ఇచ్చేస్తాను. లేదంటే ఈ ఆదివారం మా లెక్కలో భోంచేసి వెళ్ళండి.

కిటికీ పక్కన కూర్చునే అమ్మా, మీ పేరు కూడా నాకు తెలియదు. మీరు చెప్పిందే నిజం. ఆ టేబుల్ ఈ ఆదివారం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతాను. మీరు వస్తే మీ ప్లేటు నేనే తెచ్చి వడ్డిస్తాను.