కొక్కెం లోపలి గీతలు

జయపురం,
ఆదివారం

ప్రియ మిత్రమా,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయలేకపోయాను, క్షమించు. ఇంట్లో అందరూ కుశలం, అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, తక్కిన కబుర్లన్నీ మరోసారి. నిన్న చూసినది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ట్రాక్టరు ట్రాలీ కొక్కెం సంగతి నీకు గుర్తుంది కదా, మందపాటి ప్లేటులోంచి కోసినవి వంపు దగ్గరే చిట్లుతున్నాయని రాశాను. దాన్ని ఫోర్జింగుకు, అంటే కాగిన లోహాన్ని కొట్టి ఆకారం తెచ్చే పద్ధతికి, తగినట్టు మళ్లీ గీసి, విశాఖలో డై (ఆ ఆకారపు ఉక్కు అచ్చు) చేయించి కొట్టించాము. మొదటి కొక్కేన్ని నిలువుగా కోసి, నునుపు చేసి, సగం నీళ్లు కలిపిన వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉంచాము. కాసేపటికి ఉక్కులో లోహం సాగిన దారిని చూపే గీతలు తేలాయి. వంపు దగ్గర ఒక్కటీ తెగకుండా, వాగు మలుపు తిరిగినట్టు, కొక్కెంతోపాటే తిరిగాయి! ప్లేటు ముక్కలో అవే గీతలు తిన్నగా వచ్చి అంచు దగ్గర తెగిపోయాయి, పగులు పుట్టినదీ అక్కడే. మీ తాతగారు గొడ్డలి కన్నును కోసి తీయకుండా, ఎర్రగా కాగిన ఇనుమును చీల్చి వెడల్పు చేసేవారే, అది ఎందుకో నిన్న కళ్లారా చూశాను. నువ్వు పక్కన ఉంటే గంగరావి చెట్టు కింద మనం వేసుకున్న పందెం నాదే అయ్యేది.

డ్రాయింగు గురించి మాత్రం మా కుర్ర డిజైనరుతో పెద్ద వాదమే జరిగింది. అతనికి మూలలు చురుకుగా ఉండాలి, గోడలు నిటారుగా ఉండాలి. మూల చురుకైతే లోహం దాన్ని అంటిపెట్టుకుని పారలేక తనమీదికే మడత పడుతుంది, ఆ మడతే తర్వాత పగులవుతుంది. అందుకే నేను గుండ్రతనం తగ్గించనివ్వలేదు. గోడలకు వాలు లేకపోతే ముక్క డైలోంచి ఊడి రాదు. ఉక్కుకు మామూలుగా బయటి గోడలకు 5 నుంచి 7 డిగ్రీలు ఇస్తారు, లోపలి గోడలకు ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే చల్లారుతూ ముడుచుకునే లోహం డై దిమ్మెను పట్టేస్తుంది. డై రెండు సగాలూ కలిసే గీతను ఎక్కడ పెట్టాలన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. అదనపు లోహం ఫ్లాషుగా అక్కడినుంచే బయటికి పోతుంది, దాన్ని కత్తిరించినప్పుడు ఉక్కులోని గీతల కొసలు అక్కడే బయటపడతాయి. కాబట్టి బరువు లాగే వంపు లోపలి అంచున ఆ డై కలిసే గీత రాకుండా కొక్కేన్ని డైలో ఎలా పడుకోబెట్టాలో చాలాసేపు ఆలోచించాము.

పలుచని భాగాల సంగతి ఇంకా తేలలేదు. లోహం అక్కడ త్వరగా చల్లారి గట్టిపడుతుంది, దెబ్బ బలం పెంచితే డై అరుగుతుంది, మందం పెంచితే బరువు... బస్సు హారను కొడుతోంది, ఈ ఉత్తరం రాయగడ వెళ్లే తమ్ముడి చేతికే ఇస్తున్నాను. డ్రాయింగు కూడా జతచేశాను, ఆ మందం చూసి నీ మాట వెంటనే రాయి.

నీ
మిత్రుడు