జిల్లా పరిషత్తు నుంచి లోక్‌సభ సభాపతి పీఠం దాకా

సంపాదకులకు నమస్కారం.

జాతీయ నాయకుల గురించి రాసేటప్పుడు వారి ఢిల్లీ రోజులకే మన పత్రికలు ఎక్కువ చోటు ఇస్తున్నాయి. కోనసీమలోని యెదుర్లంకలో దళిత కుటుంబంలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి 1987లో తూర్పుగోదావరి జిల్లా పరిషత్తు అధ్యక్షుడై, 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్లి, 1996లో ఓడిపోయినా ముమ్మిడివరం శాసనసభ్యునిగా, రాష్ట్ర మంత్రిగా పనిచేసి, 1998లో లోక్‌సభ తొలి దళిత సభాపతి అయ్యారు. ఓటమి తరువాత మళ్లీ కింది మెట్టు నుంచి మొదలుపెట్టిన ఆ నిబ్బరమే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. ఒక్క ఓటుతో కేంద్ర ప్రభుత్వం పడిపోయిన 1999 ఏప్రిల్ 17న సభను నడిపించిందీ ఆయనే. 2002 మార్చి 3న కైకలూరు వద్ద హెలికాప్టర్ కూలి మరణించేనాటికి ఆయనకు యాభై ఏళ్లే.

యానాం–యెదుర్లంక వంతెనపై ఆయన పేరు చదువుతూ రోజూ గౌతమి దాటుతున్న మా పిల్లలకు ఆ మనిషి ఎవరో తెలియకపోవడం బాధగా ఉంది. స్థానిక సంస్థల నుంచి ఎదిగిన ఇలాంటివారి తొలి అడుగుల గురించి మీ జిల్లా పేజీలో వరుసగా వ్యాసాలు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కోనసీమ